సుబ్బమ్మ ఇంట్లో రెండు పొట్లాలు

నాలుగేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. నేనే అన్న మాట. అన్నప్పుడు నోట్లోంచి సులువుగానే వచ్చింది, ఆ తర్వాతే బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ, మా ఆయన దగ్గరో మా అక్క దగ్గరో నోరు తెరిచి, చివరికి కూర సంగతో కరెంటు సంగతో మాట్లాడి ఊరుకున్నాను.

నేను నర్సుని. ఉదయగిరికి దగ్గర్లో ఒక ఊళ్లో ప్రభుత్వ క్లినిక్ చూసుకుంటాను. ఊరి పేరు అడగకండి. రోగి వచ్చి ఎదురుగా కూర్చుంటే ప్రశ్నలు వేయడం నా పని. ఎప్పటి నుంచి? ఎక్కడ మొదలైంది? దానికి ముందు ఏం జరిగింది? అవే ప్రశ్నలు ఇప్పుడు నాకు నేను వేసుకుంటున్నాను. బాధ ఉంది, అబద్ధమెందుకు. కానీ బాధను మించి, తెలుసుకోవాలన్న ఆరాటం ఎక్కువగా ఉంది. ఇంత పని నేనెలా చేయగలిగాను? చేసిన మనిషిని కాస్త దగ్గర్నుంచి చూడాలని ఉంది.

ఎప్పటి నుంచి? మందులు రాయడం నేర్చుకున్న ఏడాది నుంచి.

డాక్టర్లు కానివాళ్లకు మందులు రాయడం నేర్పే కోర్సు అది. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు చదవాలి. ఆత్మకూరులో శనివారాలు క్లాసులు. మా బ్యాచ్‌లో నర్సులం, ఫార్మసిస్టులు, ఒక ఫిజియోథెరపిస్టు ఉండేవాళ్లం. అన్నేళ్లూ డాక్టర్ రాసింది చూసి మాత్రలు ఇచ్చిన చేతులు మావి. ఇక మీదట మేమే రాయొచ్చంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. ఆ తర్వాత, ఎప్పుడు చేరిందో గానీ, ఒంట్లో కాస్త పొగరు కూడా చేరింది. స్టెతస్కోపు మెడలో వేసుకునే తీరే మారిపోయింది నాకు. మా ఆయన గమనించి, "డాక్టరమ్మా, కాఫీ ఇస్తావా, చీటీ రాసిస్తావా" అని ఆటపట్టించేవాడు.

మాకు పాఠం చెప్పే మేడమ్ ప్రతి వారం తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. కలం తీసే ముందు సంచి తెరిపించండి. మా వైపు ముసలివాళ్లు ఆసుపత్రికి వైరు సంచితో వస్తారు. పాత చీటీలు, నెల్లూరులో రాయించుకున్న మాత్రలు, సగం తాగిన మందు సీసాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఏమైనా వాడుతున్నారా అని అడిగితే ఏం లేదమ్మా అంటారు. సంచి తెరిస్తే అన్నీ బయటపడతాయి.

కోర్సు గట్టెక్కాలంటే కేస్ డైరీలో ముప్పై కేసులు ఉండాలి. మేం రోగిని అడుగుతుంటే, మందు నిర్ణయిస్తుంటే, మా క్లినిక్‌కు వారానికోసారి వచ్చే డాక్టర్ గారు పక్కనే కూర్చుని చూడాలి. చూసి సంతకం పెట్టాలి. ప్రతి కేసు చివరా ఒక గడి ఉంటుంది. దాని పేరు 'నేను అడగనిది'. ఆ రోగిని ఏ ప్రశ్న అడగడం మర్చిపోయామో మన చేత్తో మనమే రాయాలి. మొదటి నెలలో ఆ గడి చూస్తేనే నాకు చిరాకు. ఇరవై తొమ్మిది కేసులు అయ్యేసరికి దాన్ని ఇష్టంగా నింపడం అలవాటైంది. ముప్పయ్యో కేసు మిగిలి ఉండగా సుబ్బమ్మ గారొచ్చారు.

అరవై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, నలభై దాటితే కీళ్లు పట్టేస్తాయి. నొప్పి మాత్ర అడగని ముసలివాళ్లు మా ఊళ్లో లేరు. అయితే బీపీ మాత్రలూ, ఒంట్లో నీరు లాగే మాత్రలూ వాడేవాళ్లకు ఈ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అది మాకు కోర్సు మొదట్లోనే చెప్పారు. పెద్ద వయసువాళ్లకు ఆ మాత్ర రాయాలంటే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఆ రోజు పదకొండింటికి రావలసిన డాక్టర్ గారు ఫోన్ చేసి, వింజమూరులో మీటింగ్ పెట్టారు, ఇవాళ రాలేనన్నారు. నేను అప్పుడే ఫోన్‌లో ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఎందుకు అడగలేదు? ఆలోచిస్తే ఇప్పుడు తెలుస్తోంది. అడిగితే నేను మళ్లీ పాత నర్సునైపోతాను కదా. సుబ్బమ్మ గారికి బీపీ చూశాను. బాగానే ఉంది. మాత్రలు వేసుకుంటోంది కాబట్టి బాగుందేమో అన్న ఆలోచన నాకు రాలేదు. అప్పటికి రెండు నెలల ముందే నెల్లూరులో ఆమెకు బీపీకీ కాళ్ల వాపుకీ మాత్రలు మొదలుపెట్టారు. అవి ఆమె ఒళ్లోని సంచిలోనే ఉన్నాయి. సంచి పైభాగాన బెండకాయలు, ఒక చీర మడత. తెరవమందామనుకున్నాను. అవన్నీ తీసి బల్ల మీద పెట్టి మళ్లీ సర్దేసరికి పావుగంట పడుతుంది. బయట బెంచీ మీద ఇంకా జనం ఉన్నారు. తెరవమనలేదు.

నొప్పి మాత్రలు పది రోజులకు ఇచ్చాను, రోజుకు రెండు చొప్పున. డబ్బాలో వచ్చిన విడి మాత్రలు అవి. క్లినిక్‌లో మాత్రలు వేసిచ్చే అచ్చు కవర్లు ఆ వారమే అయిపోయాయి. పాత క్యాలెండర్ కాగితం చింపి పొట్లం కట్టి ఇచ్చాను. రిజిస్టర్‌లో ఎక్కించలేదు. వచ్చే వారం డాక్టర్ గారు వచ్చాక, ఆయన పక్కన ఉండగానే చూసినట్టు ముప్పయ్యో కేసుగా రాసి సంతకం పెట్టించుకుందామని నా లెక్క. అంటే తప్పు జరగక ముందే చిన్న అబద్ధం ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఈ సంగతి నాకు ఈ మధ్యే తట్టింది.

ఇక్కడ దావీదు గారి గురించి చెప్పాలి. ఆయన మా ఊరి ఆర్ఎంపీ. డిగ్రీ లేని వైద్యుడు. ఎప్పుడో మూతబడిన ఒక ఆసుపత్రిలో కుర్రతనంలో కాంపౌండరుగా చేసి, ఆ నేర్చుకున్నదానితో మా వీధి చివర ఒక గదిలో నలభై ఏళ్లు జ్వరాలూ దగ్గులూ చూశారు. నాకు చిన్నప్పుడు సూది వేసిందీ ఆయనే. చుట్టరికం లేకపోయినా పెదనాయనా అని పిలిచేదాన్ని. ఆయన మాత్రలు ఎప్పుడూ కాగితంలో మడిచి పొట్లం కట్టేవారు. ఊళ్లో కాగితం పొట్లం కనబడితే అది దావీదు గారిచ్చిందే. క్లినిక్ మందులంటే అచ్చు కవరు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సుబ్బమ్మ గారు అదే వారంలో నీరసంగా ఉందని ఆయన దగ్గరికీ వెళ్లారు. ఆయన బలం బిళ్ళలు ఇచ్చారు. ఆమె ఇంట్లో రెండు కాగితం పొట్లాలు పక్కపక్కన చేరాయి.

తొమ్మిదో రోజుకు ఆమె మొహం ఉబ్బింది, మూత్రం ఆగిపోయింది. ఆత్మకూరు తీసుకెళ్లారు, అక్కడి నుంచి నెల్లూరు. బతికారు. పదిహేను రోజులకు ఇంటికొచ్చారు గానీ కిడ్నీలు మునుపటిలా కాలేదు. చెరువులో వలలు లాగిన మనిషి ఇప్పుడు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఉప్పు లేని కూడు తింటూ, రక్త పరీక్షల కోసం నెలనెలా ఆత్మకూరు వెళ్తోంది.

నొప్పి మాత్రలు ఎవరిచ్చారని ఆసుపత్రిలో అడిగారు. సుబ్బమ్మ గారు, క్లినిక్‌లోనూ చూపించుకున్నాను, దావీదు దగ్గరా చూపించుకున్నాను, ఏ పొట్లం ఎవరిదో నాకేం తెలుసన్నారట. కోడలు మాత్రం రెండూ దావీదు గారివే అంది. క్లినిక్ మందులైతే కవర్లో ఉంటాయి కదా అంది. అందరూ అవునన్నారు. మా డాక్టర్ గారు నన్ను పిలిచి, ఆమెకు మీరేమిచ్చారమ్మా అని అడిగారు. పారాసెటమాల్ అన్నాను. గుండె దడదడలాడుతుందనుకున్నాను. దడదడలాడలేదు. గొంతు మామూలుగానే వచ్చింది. ఆ మామూలు గొంతు ఎవరిదా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

ఇది ఒక అబద్ధం. కానీ నేను మోస్తున్నానన్న మాట ఇది కాదు. ఈ అబద్ధం భయంతో వచ్చింది. ఉద్యోగం పోతుంది, కోర్సు పోతుంది, కేసు పెడతారు. భయపడిన మనిషిని నేను అర్థం చేసుకోగలను. రెండో మాటే నాకు అంతుబట్టడం లేదు.

రెండు రోజుల తర్వాత దావీదు గారు క్లినిక్‌కి వచ్చారు. జనం అందరూ వెళ్లిపోయే దాకా వేపచెట్టు కింద నిలబడి, అప్పుడు లోపలికొచ్చారు. చెప్పులు బయట విడిచి, రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. దెబ్బలాడటానికి వచ్చారనుకుని గట్టిపడి కూర్చున్నాను నేను. ఆయన సందేహం అడగడానికి వచ్చారు.

"పాపా, సుబ్బమ్మకి నేను బలం బిళ్ళలే ఇచ్చినట్టు గుర్తుండాది. కాళ్లు వాచిన మనిషికి నేను నొప్పి బిళ్ళ ఇయ్యను, ఎప్పుడూ ఇయ్యలేదు. కానీ రెండు పొట్లాలూ నావే అంటా ఉండారు. నువ్వు పెద్ద చదువు చదువుతా ఉండావు గదా, చెప్పు. మనిషి ఇచ్చి, ఇచ్చిన సంగతే మర్చిపోతాడా?"

"వయసు మీద పడితే మరుపు ఉంటాది పెదనాయనా."

"అంటే నేనే ఇచ్చినానంటావా?"

"అయ్యుండచ్చు."

ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నారు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"నిజమేలే. కండ్లు గూడా సరిగా ఆనడం లేదు. రెండు డబ్బాలూ పక్కపక్కనే పెడతాను."

చూశారా. నా అబద్ధానికి కావలసిన కారణం ఆయనే వెతికి ఇచ్చారు. నేను తల ఊపాను. ఆయన లేచి, చల్లగా ఉండు పాపా అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ క్షణంలో నాకు భయం లేదు. ఇది మీరు గమనించాలి, నేనూ ఇన్నేళ్లకు గమనించాను. అప్పటికే అందరూ నమ్మేశారు, నన్ను ఎవరూ అడగబోవడం లేదు. ఏమో పెదనాయనా, మీరెందుకిస్తారు, అని ఉంటే నాకు పోయేదేమీ లేదు. ఆయన పేరు ఎలాగూ పోయింది, కనీసం తన మీద తనకున్న నమ్మకం మిగిలేది. మరి ఎందుకన్నాను? ఆయన కూడా నమ్మితే ఇక నిజమన్నది ఎవరి దగ్గరా ఉండదు, నా ఒక్కదాని దగ్గర తప్ప, అని ఎక్కడో అనిపించిందా? లేక, చదువుకున్నదానివి చెప్పు అని అడిగారు కాబట్టి, ఏదో ఒకటి తెలిసినట్టు చెప్పాలనిపించిందా? రెండోది రాస్తుంటే సిగ్గేస్తోంది. అందుకే అదే నిజమేమో అని అనుమానం.

ఆ వారమే ఆయన గది మూసేశారు. ఎవరూ మూయించలేదు. మందుల డబ్బాలన్నీ పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. సుబ్బమ్మ గారింటికి వెళ్లి చేతులు పట్టుకుని క్షమించమన్నారు. పో దావీదూ, కావాలని చేసినావా ఏంది, అని ఆమె క్షమించేసింది. నాకు దక్కవలసిన క్షమ అది. ఆయన తీసుకెళ్లిపోయారు. ఇప్పుడు నేను వెళ్లి అడిగితే ఆమె దగ్గర రెండోది ఉంటుందా?

తర్వాతి ఆదివారం జరిగింది చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. మాది బాప్టిస్టు చర్చి. పాస్టర్ గారు వాక్యం చెప్పడం అయ్యాక సాక్ష్యాలకు సమయం ఇస్తారు. జ్వరం తగ్గిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో లేచి చెబుతారు, అందరూ స్తోత్రం అంటారు. ఆ రోజు దావీదు గారు లేచారు. నా చేత్తో ఒక మనిషి ఒళ్లు చెడిపోయినాది, నాకు తెలియకనే చేసినాను, గుర్తు గూడా లేదు, గుర్తు లేని పాపాన్ని ఎట్లా ఒప్పుకోవాలో తెలియక మీ ముందర నిలబడినాను అన్నారు. ఆడవాళ్లం చాప మీద కూర్చున్నాం. నా పక్కనామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. అందరితో పాటు నేనూ కళ్లు మూసుకున్నాను. ఏం ప్రార్థించానా అని చాలాసార్లు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏమీ ప్రార్థించలేదు. పాట మొదలైతే కళ్లు తెరవొచ్చు అని ఎదురు చూశాను, అంతే.

అలాంటి వైద్యుడు ఊళ్లో లేకపోవడమే మంచిదన్నవాళ్లు కూడా ఉన్నారు. నిజమే. డిగ్రీ లేకుండా సూదులు వేయకూడదు, చట్టం ఒప్పుకోదు. కొన్నాళ్లు నేను ఈ మాటను బాగా వాడుకున్నాను. ఆయన గది మూతపడితే ఊరికి మేలే కదా అనుకునేదాన్ని. నా క్లినిక్‌కి జనం పెరిగారు, పై వాళ్లు మెచ్చుకున్నారు. కానీ ఆయన గది మూసింది ఆయన చేయని తప్పుకు. చేసిన తప్పులకు మూసి ఉంటే అది వేరే సంగతి.

ముప్పయ్యో కేసు సంగతి చెప్పలేదు కదూ. సుబ్బమ్మ గారినే రాశాను. బయటి వైద్యుడిచ్చిన నొప్పి మాత్రల వల్ల కిడ్నీ దెబ్బతిన్న కేసు అని. ఆమె తిరిగొచ్చాక డాక్టర్ గారి ముందే మళ్లీ అన్నీ అడిగి, చూసి, శుభ్రంగా రాశాను. చివరి గడిలో, 'మొదటిసారి వచ్చినప్పుడు సంచి తెరవమని అడగలేదు' అని రాశాను. అది నిజం. ఆ ఒక్క నిజం పెట్టేసరికి మిగతా అబద్ధమంతా నిజంలాగే నిలబడింది. ఆత్మకూరులో మేడమ్ దాన్ని క్లాసులో చదివి వినిపించారు. తన తప్పు ఇంత నిజాయితీగా రాసుకున్నవాళ్లను చూడలేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చిన్నగా నవ్వాను కూడా.

ఇప్పుడు ఆ కోర్సులో శనివారాలు నేనే పాఠం చెబుతున్నాను. ఆ కేసు, పేర్లు తీసేసి, కొత్త బ్యాచ్‌లకు పాఠంగా ఇస్తున్నారు. దావీదు గారు కలువాయిలో కూతురి దగ్గర ఉంటున్నారు. డెబ్బై ఎనిమిదేళ్లు. ప్రతి నెలా మొదటి సోమవారం నాకు ఫోన్ చేస్తారు. సుబ్బమ్మకి క్రియాటినిన్ ఎంతుండాది పాపా, అని అడుగుతారు. నేను ఆమె కిడ్నీ పరీక్ష రిపోర్టు చూసి చెబుతాను. తగ్గితే దేవునికి స్తోత్రం అంటారు. పెరిగితే ఫోన్ పెట్టేస్తారు. నాలుగేళ్లలో ఒక్క నెల కూడా మానలేదు.

నిన్న శనివారం క్లాసులో ఆ కేసే పాఠం. అంతా విన్నాక పద్మ అనే ఫార్మసిస్టు చెయ్యెత్తింది. వింజమూరులో పనిచేస్తుంది, ప్రశ్నలు ఎక్కువ. ఆ ఆర్ఎంపీ ఇచ్చినాడని ఎవురు చూసినారు మేడమ్, అని అడిగింది. అదీ రోగిని అడగవలసిన మామూలు ప్రశ్నే. ఎవరు చూశారు? నాలుగేళ్లలో డాక్టర్ అడగలేదు, కోడలు అడగలేదు, మేడమ్ అడగలేదు, పాస్టర్ గారు అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని మొదట్లో ఎంత భయపడ్డానో. అడిగిన రోజు మాత్రం, నమ్మండి, నాకు ఆ అమ్మాయి ముద్దొచ్చింది. బాగా నేర్చుకుంటోంది అనుకున్నాను. అనుకుంటూనే, ఇంట్లోవాళ్లు చెప్పారమ్మా, అన్నాను. ఆమె తల వంచి పుస్తకంలో రాసుకుంది. నా అబద్ధం ఇంకొకరి చేతిరాతలోకి వెళ్లడం నా కళ్లతో చూశాను.

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మందులు రాసే అధికారం పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. దావీదు గారు తను చేయని పాపం తలమీద పెట్టుకునే కన్నుమూస్తారు. రేపు మొదటి సోమవారం. ఆయన ఫోన్ చేస్తారు. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎంత తేలిగ్గా వస్తుందో మీరు చూశారు. చెబితే ఆయన ఏమంటారో ఊహించాలని చూశాను, ఊహ రావడం లేదు. కోప్పడతారా? ఏ మాత్ర, ఎంత పవరు అని అడుగుతారా? సుబ్బమ్మ చేతులు పట్టుకుని నేను అడుక్కున్న క్షమాపణ ఎవరిది పాపా, అని అడుగుతారా? ఏదడిగినా జవాబు చెప్పవలసిందే.

కనీసం ఒక్క ప్రశ్నకు ఇవాళే జవాబు రాస్తాను. పద్మా, నువ్వు మంచి ప్రశ్న అడిగావు, నేను నీకు తప్పు చెప్పాను. దావీదు గారు నొప్పి మాత్రలివ్వడం ఎవరూ చూడలేదు. ఆయన ఇవ్వలేదు. సంచి తెరవకుండా, డాక్టర్‌ని అడగకుండా, ఇరవై మాత్రలు కాగితంలో మడిచి సుబ్బమ్మ గారి చేతిలో పెట్టింది నేను. పుస్తకంలో నువ్వు రాసుకున్నది కొట్టేసి, ఇది రాసుకో.